ద్వాదశి దాటిన మౌనం

స్వామీ, ముందుగా నీకు దండం. పుట్టిన బిడ్డకు కళ్ళు నిలపడం రాదు, చెయ్యి చాచడం రాదు, కేక మాత్రం వస్తుంది. ఆ కేక నీ దానం. నాలుక మీద అన్నం పెట్టకముందే మాట పెట్టావు. నీ నామం పలికే నోటితోనే మంచినీళ్ళు అడుగుతాం, ఆ నోటితోనే కష్టం వస్తే నిన్ను తిడతాం. రెండూ వింటావు. గొంతు పెగలనివాళ్ళ మాట కూడా నీకు చేరుతుందని పెద్దలు చెప్పారు, నేను నమ్ముతాను. మాకు చేరదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నీకు జయం కలగాలి. నా నోటికి కాస్త సిగ్గు కలగాలి.

నేను హిందూపురం చింతపండు మండీలో గుమాస్తాగా పనిచేసి మానుకున్నవాణ్ణి. పుట్టింది పెనుకొండ పక్క పల్లెలో. మా నాయన ఊళ్ళో భజన మందిరం కట్టించినవాళ్ళలో ఒకడు. మాకు అక్షరాల కంటే ముందు తాళం వచ్చింది. శ్రావణ మాసమంతా మందిరంలో పురాణ కాలక్షేపం జరిగేది. ఒకరు పద్యం చదివితే అర్థం చెప్పే పని నాకు మీసాలు రాకముందే అప్పగించారు. ఇప్పటికీ శనివారం సాయంత్రాలు హిందూపురంలో ఒక మందిరంలో ప్రవచనం చెప్తాను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఇక్కడ రాయబోయే తప్పు చదువు సంధ్యలు లేనివాళ్ళు చేసింది కాదు, శాస్త్రం నోటికి వచ్చినవాళ్ళం చేసింది. ఆ విషయం మొదటే తెలిసి ఉండడం మంచిది.

మా అన్న ఊళ్ళోనే ఉండి సేద్యం చూసుకున్నాడు. నాయన పోయాక భజన సమాజానికి పెద్ద అయ్యాడు. గొంతు పెద్దది, జ్ఞాపకం పెద్దది, వినికిడి చిన్నది. చెవులకు ఏ లోపమూ లేదు. ఎదుటివాడు నోరు తెరిచేలోపే వాడి మాటను తనే పూర్తి చేసేస్తాడు, అంతే. ఈ గుణం మా ఇంటి మగవాళ్ళందరిలో ఉంది. ప్రవచనాలు చెప్పేవాడికి మరీ ముదురుతుంది.

వదిన ధర్మవరం పిల్ల. మా ఇంటికి వచ్చినప్పుడు చురుకైన కళ్ళు, ఏది చూసినా ఒక మాట అనకుండా ఉండలేని నాలుక. ఆమె నోరు తెరిస్తే అన్న చెయ్యెత్తి “గమ్మునుండు” అనేవాడు. కోపంగా కాదు, ఈగను తోలినట్టు. మా అమ్మా అదే అనేది. చిన్నవాణ్ణయిన నేనూ అన్నాను ఒకటి రెండుసార్లు, ఇంట్లో అందరూ అంటున్నారు కదా అని. కొన్నేళ్ళకు ఆమె నిజంగానే గమ్మునైపోయింది. అప్పటి నుంచి అణకువగల ఇల్లాలని ఊళ్ళో పేరొచ్చింది.

ఇరవై ఏళ్ళ కిందట వదిన ఏకాదశినాడు మౌనవ్రతం పట్టడం మొదలుపెట్టింది. తెల్లవారి స్నానం చేసిన దగ్గర నుంచి మర్నాడు ద్వాదశి పారణ వరకు మాట లేదు, తిండి లేదు. ద్వాదశి పొద్దున అన్న ఆమె దోసిట్లో తులసి తీర్థం పోస్తాడు. అది పుచ్చుకుని పైకి మూడుసార్లు నామం పలికి వ్రతం విడుస్తుంది. ఊరంతా మెచ్చుకుంది. నేను ప్రవచనాల్లో పేరు చెప్పకుండా ఉదాహరణగా వాడుకున్నాను. అసలు కారణం నాకు తెలుసు, తెలిసీ చెప్పలేదు. నెలలో ఆ రెండు రోజులే ఆమెను గమ్మునుండమని ఎవరూ అనడానికి వీలుండదు.

పైగా ఆ రెండు రోజులు ఆమెకు పలక ఉండేది. మౌనంలో ఉన్నవాళ్ళు రాయకూడదని ఎక్కడా లేదు. దేవుడి గూట్లో ఒక పాత రాతి పలక, ఒక బలపం. ఏకాదశినాడు ఇంటి పనులన్నీ పలక మీదే. “పాలవానికి చెప్పండి, రేపు ఎక్కువ పోయల్ల.” “దూడను నీడకు మార్చండి.” వాటి మధ్యలో, మామూలు రోజుల్లో ఆమె నోట రానివి కూడా వచ్చేవి. “నిన్న పప్పులో ఉప్పెక్కువైందన్నారు. నిన్న పప్పు చేయలేదు.” ఒకసారి, భజన ముగిశాక, “రెండో చరణం మీరు మూడో చరణం రాగంలో పాడినారు. దూడ బెదిరింది.” అన్న చదివి, తువ్వాలుతో తుడిచేసి, “దీనికి వ్రతం ఒకటి” అని నవ్వేవాడు. రాత మాత్రం చూడముచ్చటగా ఉండేది. గుండ్రటి అక్షరాలు, ఒక్క తలకట్టు తప్పేది కాదు.

పోయిన ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక ఏకాదశి పొద్దున, తులసికి నీళ్ళు పోస్తుంటే వదిన కుడిచేతిలోని చెంబు జారిపోయింది. అన్న అరుగు మీద నుంచి చూశాడట. ఆమె గోడ పట్టుకుని కూర్చుంది. కటిక ఉపవాసం, నీరసం అనుకున్నాడు. ఆ రోజంతా మాట లేదు. ఉండదు కదా, ఏకాదశి. మధ్యాహ్నం పలక తీసుకుని ఏదో గీసి, చూసుకుని, పక్కన పడేసింది. అదీ ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు ద్వాదశి. అన్న తీర్థం పోశాడు. సగం పెదవి మూల నుంచి కారిపోయింది. వదిన నామం కోసం నోరు తెరిచింది. “అ... అ...” అని గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. మళ్ళీ గాలి. అప్పుడు మా అన్న, భజన సమాజం పెద్ద, శాస్త్రం తెలిసినవాడు, ఆమె ముఖంలోకి చూసి ఒక నిర్ణయానికి వచ్చాడు. తొమ్మిది గంటలకు నాకు ఫోన్ చేశాడు.

“ఏమబ్బా, మీ వదిన మౌనం విడవలేదు. పొడిగించిండాది.”

“ఎన్నాళ్ళంట?”

“నలభై దినాలు పడతాదేమో. మన వంశంలో ఎవరూ పట్టలేదు. నువ్వు శనివారం అందరికీ చెప్పు.”

నేను చెప్పాను. ఆ శనివారం హిందూపురంలో మా మందిరంలో చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, ఆదివారం పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగి ఊరికి పోయాను. వదిన వసారాలో చాప మీద ఉంది. కాళ్ళకు దండం పెట్టాను. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. బలంగా పట్టుకుంది. కళ్ళు నా కళ్ళలోకి పెట్టి, తల ఊపుతూ, గొంతులో ఏదో శబ్దం చేసింది. తపస్సులో ఉన్నవారి చూపు ఇలాగే గుచ్చుకుంటుంది కాబోలు అనుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే నా చేతిని నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

ఆ మధ్యాహ్నమే ఆమె స్నానాలగదిలో జారింది. కుడికాలు ఈడుస్తోందని అన్న కోడలు చెప్పింది. సరే చూపిద్దామని మా అన్న, నేను ఆమెను పెనుకొండలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. చిన్న వయసు డాక్టరు. బల్ల మీద అచ్చు వేసిన కాగితం ఒకటి పెట్టుకున్నాడు. మూతి వంకర పోయిందా, చేతులు సమానంగా లేస్తున్నాయా, మాట ఎట్లుంది, అని వరుసగా గళ్ళు.

“ఏమ్మా, మీ పేరు చెప్పండి.”

వదిన నోరు తెరిచింది. అన్న అందుకున్నాడు. “ఆమె మాట్లాడదు సార్. మౌనవ్రతం.”

“ఎన్నాళ్ళనుంచి?”

“ఏకాదశి నుంచి. ఇరవై ఏండ్లుగా పడతాండాది. ఈ తూరి విడవలేదు.”

డాక్టరు ముఖం మారిపోయింది. “మా అవ్వ కూడా పట్టేది సార్” అన్నాడు. చేతులు చాపమన్నాడు. ఎడమది నిలబడింది. కుడిది మెల్లగా కిందికి దిగింది. ఆయన దాన్ని చూస్తున్నాడు. “నాలుగు దినాలుగా సరిగ్గా తినలేదు సార్, నీరసం” అని చెప్పిన నోరు నాది. మా అన్నది కాదు, నాది. డాక్టరు తల ఊపి రాసుకున్నాడు. మాట అనే గడిలో ఏం రాశాడో నేను ఇవతలి నుంచి చదివాను. వ్రతంలో ఉన్నందున పరీక్షించలేదు.

రక్తపోటు ఎక్కువగా ఉందని మాత్ర రాసి, సెలైన్ ఎక్కించి, వచ్చేటప్పుడు లేచి నిలబడి వదినకు నమస్కారం పెట్టాడు. వైద్యుడు రోగికి దండం పెట్టి ఇంటికి పంపడం నేను అదే మొదటిసారి చూడడం. ఆటోలో అన్న పొంగిపోయాడు. “చూస్తివా, డాక్టర్లే మొక్కుతాండారు.” నేనూ పొంగాను.

ఆ వారమంతా ఇల్లు తిరునాళ్ళయింది. వదిన పలక మీద గీసిన గీతలను అన్న తుడవలేదు. జీవితంలో మొదటిసారి ఆమె రాసినది తుడవకుండా ఉంచాడు, అది అర్థం కాలేదు కాబట్టి. సమాజంలో ఒక రిటైరైన అయ్యవారు ఉన్నాడు. పలకను అటు తిప్పి ఇటు తిప్పి, “ఇది మన లిపి కాదు” అన్నాడు. అంతవరకు నిజమే. “బీజాక్షరం” అన్నాడు. దాన్ని ఫోటో తీసి భజన గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి పది గ్రూపులకు పోయింది. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే మా ఊరి పిల్లలు దాన్ని ఫోన్ల మీద పెట్టుకున్నారు. ఒక మనిషి మెదడులో రక్తం ఆగిపోతే చెయ్యి గీసిన వంకర గీతను మేము పసుపు కుంకుమ పెట్టి పూజించాం. నేను చెప్పేది అతిశయోక్తి కాదు. పలక అంచున ఇప్పటికీ కుంకుమ మరక ఉంది.

మరుసటి ఆదివారం మందిరంలో పెద్ద భజన. వదినను పీట మీద కూర్చోబెట్టి మెడలో దండ వేశారు. చుట్టుపక్కల నాలుగైదు పల్లెల నుంచి జనం.

“మొగం ఎట్ల వెలుగుతాందో చూడప్పా” అన్నాడొకడు.

“మూతి ఒక పక్కకు పోయినట్టుండాది గదన్నా” అంది వెనక నుంచి గొర్రెలు కాసే ఇంటి ముసలమ్మ ఒకామె.

“అది చిరునవ్వు. తెలీకుంటే గమ్మునుండల్ల.”

ముసలమ్మ గమ్మునుంది. ఆ మందిరంలో కళ్ళున్న మనిషి ఆమె ఒక్కతే.

నేను ప్రవచనం మొదలుపెట్టాను. మౌనం గురించి. అరగంట. మౌనంలో ఎన్ని మెట్లున్నాయో, ఏ మెట్టు మీద ఏ మహిమ కలుగుతుందో, వేళ్ళు మడిచి చెప్పాను. మాట పోగొట్టుకున్న మనిషి పక్కన నిలబడి మాట అక్కరలేదని అరగంట మాట్లాడాను. మధ్యలో వదిన నా ఉత్తరీయం పట్టి లాగింది. తిరిగాను. ఆమె ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని, ఆ కుడిచేతిని పైకెత్తి నాకు చూపిస్తోంది. వేళ్ళు వేలాడుతున్నాయి. ఎత్తి, వదిలింది. పడిపోయింది. మళ్ళీ ఎత్తింది.

“అభయం ఇస్తాండాది!” అని ఎవరో అరిచారు. జనం లేచారు. నేను ఒంగి ఆ చేతి కింద తల పెట్టాను. అది నా నెత్తి మీద తడిగుడ్డలా పడింది. ఆశీర్వాదమని మైకులో చెప్పాను.

తల ఎత్తేసరికి వదిన కళ్ళ నుంచి నీళ్ళు. ఆనందబాష్పాలన్నాడు అన్న.

మర్నాడు పొద్దున, నేనింకా ఊళ్ళోనే ఉన్నాను, ధర్మవరం నుంచి వదిన చెల్లెలు దిగింది. ఆమెకు ధర్మవరంలో చీరల కొట్టు ఉంది. చీరను పూర్తిగా విప్పి, వెలుతురుకు పట్టి, వెనక వైపు కూడా చూడకుండా మగ్గం దగ్గర నుంచి తీసుకోదు. నమస్కారాలు లేవు, కాళ్ళు కడుక్కోవడం లేదు, నేరుగా వసారాలోకి వచ్చింది.

“ఏమే అక్కా, ఏమైండాది నీకు?”

“మౌనంలో ఉండాదమ్మా, పలకరించగూడదు” అన్నాడు అన్న.

“బావా, ఏకాదశికి ఏకాదశికి నాకు పలక ఫోటో పంపుతాండె మా అక్క. ఇన్నేండ్లలో ఒక్క తూరి తప్పలేదు. మిమ్మల్నంతా ఏమేమి తిట్టిండాదో నా ఫోన్లో ఉండాది, చూపించల్లనా? ఈ తూరి రాలేదు. వ్రతం పొడిగించింది గదా, ఎందుకులే అని ఊరకుంటి. నిన్న ఇది వచ్చె.” ఫోన్ తీసి మా ముందు పెట్టింది. ఆ గీతల ఫోటో. పది గ్రూపులు తిరిగి ధర్మవరం చేరింది. “ఎవరో భక్తురాలు పంపె. మొక్కి పదిమందికి పంపమని రాసిండాది. ఇది మా అక్క రాత గాదు.”

“అది మామూలు రాత కాదమ్మా...” అని అన్న మొదలుపెట్టాడు.

ఆమె వినలేదు. గూట్లోంచి పలక తెచ్చి, కొంగుతో బీజాక్షరాన్ని పరపరా తుడిచేసింది. అయ్యవారు అక్కడ లేకపోవడం ఆయన అదృష్టం. బలపం వదిన కుడిచేతిలో పెట్టి, “అక్కా, నా పేరు రాయి” అంది. బలపం జారి పడింది. ఎడమచేతికి ఇచ్చింది. వదిన పలక మీద బలపం ఆనించి, చాలాసేపు చూసి, ఒక సున్నా గీసింది. దాని పక్కన ఇంకో సున్నా. తర్వాత బలపం పడేసి చెల్లెలి భుజం మీద వాలిపోయింది.

“నోటికి వ్రతం పడితిరి. చేతికి గూడా పట్టినారా బావా? మౌనముండేదానికి రాత ఎందుకు పోతాది?” తర్వాత నా వైపు తిరిగింది. “నువ్వు పురాణం చెప్పేటోనివి గదప్పా. నిన్నంతా పక్కనే నిలబడి ఏం చూసినావు?”

ఇన్నేళ్ళ నా ప్రవచనాల్లో నాకెవరూ వేయని ప్రశ్న అది.

ఆ రోజే కారులో హిందూపురం తెచ్చాం. ఒక ఆసుపత్రిలో స్కాన్ తీశారు. పెద్ద వయసు డాక్టరు ఫిల్మును వెలుతురులో పెట్టి చూసి, ఎప్పుడు మొదలైందని అడిగాడు. పన్నెండు రోజులన్నాం. కలం కింద పెట్టాడు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయిందని, అది పక్షవాతమేనని, మొదటి కొద్ది గంటల్లో తెస్తే గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి వీలుండేదని చెప్పాడు. గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. పెనుకొండ కాగితం చూశాడు. వ్రతంలో ఉన్నందున పరీక్షించలేదు అని ఉన్న చోట వేలు పెట్టి, “ఇట్ల చెప్పింది ఎవరు?” అన్నాడు. మేమిద్దరమే. శాస్త్రం తెలిసినవాళ్ళం.

“మాట ఎంత పోయింది, ఎంత మిగిలింది తెలుసుకోవాలి. పక్క గదిలో పరీక్ష చేస్తారు” అన్నాడు.

పక్క గదిలో ఉన్నది పాతికేళ్ళ అమ్మాయి. మడకశిర వైపు పిల్ల. మొదట అడిగింది మమ్మల్ని. “ఇంట్లో ఏ భాష? తెలుగా, కన్నడమా? చదువుతారా, రాస్తారా? ఏ చేత్తో రాస్తారు?” చెల్లెలు చెప్పింది. కళ్ళద్దాలున్నాయా, చెవులు బాగా వినపడతాయా అని కూడా అడిగింది. చూపు ఆనకపోతే, చెవి వినపడకపోతే, దాన్ని మాట పోయినట్టు పొరపాటు పడతామట. పొరపాటు పడే దారులన్నీ ఆ పిల్లకు తెలుసు. మేము పడిన దారి ఒక్కటి ఆమె పుస్తకంలో ఉండి ఉండదు.

తర్వాత వదినకు ఎదురుగా కుర్చీ లాక్కుని, ముఖంలో ముఖం పెట్టి, నిదానంగా, “అమ్మా, ఈ గదిలో కిటికీ ఎక్కడుంది? చూపించండి” అంది.

“అదో, ఆడ” అన్నాడు అన్న.

“సార్, అడిగింది అమ్మను.” బల్ల మీద చెంచా, తాళంచెవి, దువ్వెన, గాజు పెట్టింది. “అమ్మా, ఇదేంటి?”

“దువ్వెన” అన్నాడు అన్న. ఆపుకోలేకపోయాడు. నలభై ఏళ్ళ అలవాటు.

ఆ అమ్మాయి కాగితం పక్కన పెట్టింది. “సార్, అమ్మ పన్నెండు రోజులు మౌనం పట్టినారంట గదా. ఇంక విడిపిద్దాం. మీరొక అరగంట పట్టుకోండి.”

చెల్లెలు గోడవైపు తిరిగి నవ్వింది. ఆశ్చర్యం ఏమిటంటే, వదిన కూడా నవ్వింది. మూతి ఒకవైపే కదిలింది, కళ్ళు రెండూ నవ్వాయి. మాట అర్థమైంది ఆమెకు. ఆ అమ్మాయి వెంటనే ఏదో రాసుకుంది.

పరీక్ష నడిచింది. దువ్వెన చూపిస్తే వదిన తల దువ్వుకుంటున్నట్టు ఎడమచేత్తో చూపింది. పేరు అడిగితే పెదవులు వెతుక్కున్నాయి, “తా... తా...” అంది, కాదని తనే తల అడ్డంగా ఊపింది. చెంచాకీ “తా” అనే వచ్చింది. ఆ రాని మాటకు ఆమె పడే కోపం చూస్తే మతి చెక్కుచెదరలేదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. గాజు తాళంచెవి మీద పెట్టమంటే పెట్టింది. గాజు దువ్వెన కింద పెట్టి తాళంచెవి తనకు ఇవ్వమంటే, మాట పొడుగైపోయి, గాజు పట్టుకుని ఆగిపోయింది. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. ఒక్కో ప్రశ్న తర్వాత అంత నిశ్శబ్దం వదిలేది. మా అన్న ఆ నిశ్శబ్దాల్లో కుర్చీ అంచు పట్టుకుని మెలికలు తిరిగాడు. మౌనం ఎంత బరువో ఆయనకు అప్పుడు తెలిసింది, అరగంటకే.

చివరకు అవును కాదు ప్రశ్నలు. తల ఊపితే చాలు. “మీరు ఆడమనిషా?” అవును. “మీరు మగమనిషా?” కాదు. అన్నిటికీ అవునని తల ఊపేవాళ్ళుంటారట, అందుకే ప్రతి ప్రశ్నా తిరగేసి ఇంకోసారి అడుగుతుంది. “ఇది హిందూపురమా?” అవును. “ఇది ధర్మవరమా?” కాదు. అప్పుడు చెల్లెలు, “ఇంకొకటి అడుగు తల్లీ” అంది. ఆ అమ్మాయికి అర్థమైంది.

“అమ్మా, మీరు మౌనవ్రతంలో ఉన్నారా?”

వదిన తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు. ఆపకుండా ఊపింది, గదిలో ఉన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

“మీరు మాట్లాడాలనుకుంటున్నారా?”

అవును.

నేను ఆ గదిలో నుంచి బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. మందిరంలో చెప్పిన మెట్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్క మెట్టు మీదైనా ఈ ప్రశ్న లేదు. పన్నెండు రోజుల్లో వందలమంది మొక్కారు, ఒక్కరూ అడగలేదు. తల ఊపగలిగే మనిషిని, నువ్వు వ్రతంలో ఉన్నావా అమ్మా అని అడగడానికి ఏ చదువు కావాలి?

ఆ పిల్ల తర్వాత చెప్పింది. మాటలు లోపల ఉన్నాయి, బయటికి వచ్చే దారి దెబ్బతింది. రాత కూడా ఆ దారినే వస్తుంది కాబట్టి అదీ పోయింది. వారానికి రెండుసార్లు ఇక్కడికి రావాలి, ఇంట్లో రోజూ సాధన చేయించాలి. చాలావరకు తిరిగి వస్తుంది, ఎంత అని ఎవరూ చెప్పలేరు. “ఇంట్లో ఆమె మాట కోసం ఆగేవాళ్ళుండాలి” అంది. “ఆమె బదులు చెప్పేవాళ్ళు కాదు.”

“మా ఇంటికే తీసుకపోతాం” అన్నాడు అన్న. వ్రతం విడిచేశాడు.

“అమ్మను అడుగుదాం సార్.”

చెల్లెలు ఫోన్లో మూడు ఫోటోలు తెరిచి చూపింది. ఊళ్ళో ఇల్లు, హిందూపురంలో నా ఇల్లు, ధర్మవరంలో చీరల కొట్టు. వదిన కొట్టు మీద వేలు పెట్టింది. ఆ అమ్మాయి వరుస మార్చి మళ్ళీ చూపించింది. మళ్ళీ కొట్టే. అన్న ముఖం చూడలేదు ఆమె.

ఊళ్ళో సంగతి పాకింది. మౌనం కాదు, పక్షవాతమట. మరుసటి వారానికి ఇంటి ముందు చెప్పుల జత లేదు. మహిమ ఉన్నప్పుడు పళ్ళు తెచ్చినవాళ్ళు రోగానికి పలకరింపు కూడా తేలేదు. ఫ్యాక్టరీ పిల్లలు ఫోన్ల మీద బొమ్మ మార్చేశారు. అయ్యవారు, “నాకు అప్పుడే అనుమానముండె” అన్నాడట. ధర్మవరం దాకా వెతుక్కుంటూ పోయి వదినను చూసివచ్చింది ఒక్క మనిషి, మూతి పక్కకు పోయిందని చెప్పి నోరు మూయించుకున్న ఆ ముసలమ్మ.

వారానికి రెండుసార్లు అక్కాచెల్లెళ్ళు ధర్మవరం నుంచి రైల్లో హిందూపురం వస్తారు. దారిలో పెనుకొండలో రైలు కాసేపు ఆగుతుంది. అన్న ప్లాట్‌ఫారం మీద జామకాయలు పట్టుకుని నిలబడతాడు. కిటికీ దగ్గరకు వచ్చి, లోపలివాళ్ళకు చెప్తాడట, “వ్రతం నడిమధ్యలో దిష్టి తగిలిండాది” అని. ఇంకా. వదిన జామకాయలు తీసుకుంటుంది, మాట తీసుకోదు. నేను కూడా ఏం తక్కువ తినలేదు. రెండు శనివారాలు మందిరానికి పోలేదు. మూడో శనివారం పోయి, జరిగింది జరిగినట్టు మైకులో చెప్పాను. సభలో ఒకాయన లేచి, “అయినా స్వామీ, ఆ గీతల్లో ఏదో ఉండాది” అన్నాడు. కిందికి దిగి వచ్చేశాను.

ఈ ఎండాకాలం ధర్మవరం పోయాను. కొట్టు వెనక గదిలో వదిన పలక ముందు పెట్టుకుని ఎడమచేత్తో రాస్తోంది. అక్షరాలు పెద్దవి, వంకరవి, కానీ అక్షరాలే. ఆ రోజు ఏకాదశి. కొట్టులోకి వచ్చే ప్రతి చీరా చూపించి చెల్లెలు రంగు పేరు అడుగుతుంది, ఈమె చెప్పాలి. “ప... పసుపు.” “నె... నెమలి... నెమలి రంగు.” చెప్పేసరికి చెమటలు పడుతున్నాయి. నామం ఇంకా రాలేదు. మొదట వచ్చిన మాట “ఉప్పు” అట. నాకు తెలిసిన దేవుడు దానికి కోపగించుకోడు.

ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. “వదినా, ఆ దినం మందిరంలో నా ఉత్తరీయం పట్టి లాగితివి. ఏం చెప్పల్లని?”

చాలాసేపు పట్టింది. నేను ఆగాను. నా జీవితంలో ఒక మాట కోసం అంతసేపు ఆగడం అదే మొదలు. ఆమె ఎడమచెయ్యి ఎత్తింది, ఈగను తోలినట్టు.

“గమ్... గమ్మునుండు” అంది. మళ్ళీ ఊపిరి తీసుకుంది. “చెయ్యి... చూడు.”

ఇంతవరకు చదివినవారు ఒక్క నిమిషం నాతో కూర్చోండి. కళ్ళు మూసుకోవద్దు. నేను ఎప్పుడూ మూసుకునే వేడుకున్నాను, చూడవలసింది కనపడలేదు. తెరిచి, కలిసి అడుగుదాం. స్వామీ, ఆమెకు పోయిన మాటలు ఒక్కొక్కటిగా తిరిగి ఇవ్వు. ఉప్పు ఇచ్చావు, నెమలి రంగు ఇచ్చావు, తిట్టు కూడా ఇచ్చావు, మిగిలినవీ ఇవ్వు. నీ నామం ఆఖరున ఇచ్చినా ఆమె ఏమీ అనుకోదు. మా నోళ్ళకు మాత్రం ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగే మౌనాన్ని ఇవ్వు, ఒక్క అరగంట చాలు. ఇప్పుడు మీరూ నాతో పాటు పైకి అనండి, ఇవ్వు స్వామీ అని, పక్కగదిలో ఉన్నవాళ్ళకు వినపడేలా.